కలాంద్రా ఎడమ పక్క

స్పిలంబెర్తో, మోదెనా
6 సెప్టెంబరు 1989, బుధవారం

...ఇంకోటి, నిన్న పోస్టు చేసిన ఉత్తరంలో అసలు నా పేరే రాయలేదని డబ్బాలో వేశాక గుర్తొచ్చింది. చెయ్యి దూర్చి తీద్దామని చూశా, దూరలేదు. మీకు పేరులేని ఉత్తరం ఒకటి వస్తుంది, భయపడకండి దీర్చె అత్తమ్మా, అది నాదే. నేను మొరేనాని. మీ అన్నయ్య ఓర్ఫెయో మనవరాల్ని, లెయార్కో కూతుర్ని. నాకు పదహారేళ్ళు. నాన్నకి మీరు మేనత్త, మరి నాకేమవుతారో తెలీదు. అందుకే నాన్నలాగే అత్తమ్మా అంటున్నా. తొమ్మిదేళ్ళు ఒక్కదాన్నే మాల్టాలో చుట్టాలింట్లో ఉండి ఇంగ్లీషు బడిలో చదివాను, ఇక్కడికొచ్చి రెండేళ్ళే అయింది. రాతలో తప్పులుంటే నవ్వకండి.

నిన్న ఏం రాశానో కూడా సరిగ్గా గుర్తులేదు. మళ్ళీ మొదట్నుంచి చెప్తా.

మా షెడ్డులో కారు మీకు తెలుసు కదా, కలాంద్రా. ఇంజనీర్ ఫొర్నసారి గారు మూడే మూడు చేయించారట. ఒకటి పరీక్షల్లో తగలబడింది. రెండోదాన్ని విప్పేసి దాని ఇంజను ఎవరో పడవలో పెట్టుకున్నారు. మూడోది 65 మే నెలలో మీ సిసిలీ కొండ రేసులో ఒకే ఒక్కసారి పరిగెత్తింది. ఇంజనీరుగారు పోయాక వాళ్ళావిడ దాన్ని తాతయ్యకి ఇచ్చేసింది, దాని ఒంటిమీది రేకు కొట్టినవాడి దగ్గరే ఉండనీ అని. ఆ రేకంతా తాతయ్య ఒక్కడే సుత్తితో కొట్టి చేశాడని మా ఊళ్ళో చంటిపిల్లాడైనా చెప్తాడు.

నేను రోజూ ఒకసారి వెళ్ళి దాని ముందు నిలబడతా. ఎవరికీ చెప్పకండి. చర్చిలో నాకు ఎప్పుడూ అనిపించనిది అక్కడ అనిపిస్తుంది. కదలకుండా ఉంటుంది గానీ, నేను కన్నార్పితే వెళ్ళిపోతుందేమో అన్నట్టుంటుంది. ఒక మనిషి చెట్టు మొద్దు మీద రేకు పెట్టి, కొట్టి కొట్టి గాలి ఆకారం తెచ్చాడంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మొన్న ఆదివారం ఇంగ్లండు నుంచి విగ్‌మోర్ గారని ఒకాయన వచ్చాడు. కలాంద్రా కార్ల చరిత్ర రాస్తున్నాడట. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే, మధ్యలో నన్ను నిలబెట్టారు.

"దీని ఒంటిమీది రేకు ఒకరి పనా, ఇద్దరి పనా?" అని అడిగాడాయన.

"ఇదేం ప్రశ్న! మా నాన్న ఒక్కడే అని చెప్పు," అన్నాడు నాన్న.

"ఏంటంట ఆ దొర?" అన్నాడు తాతయ్య. చెప్పాను. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నోరు మాత్రం విప్పలేదు.

అప్పుడు నేను ఇంగ్లీషులో, "రెండు పక్కలా ఈయన ఒక్కడే. ఒట్టేసి చెప్తున్నాడు," అనేశాను. ఒట్టు అని నాన్న అనలేదు, తాతయ్యా అనలేదు. నేనే కలిపా. అలా అంటే గట్టిగా ఉంటుందనిపించింది.

ఆయన టేపు తీసి కొలిచాడు. ఎడమ పక్క మీద ఎప్పుడూ ఒక దుప్పటి కప్పి ఉంటుంది, దాన్ని కూడా తీయించి కొలిచాడు. ముందు దీపం నుంచి తలుపు దాకా ఎడమ పక్క వేలి మందమంత పొడుగు ఎక్కువ ఉంది. వంపు కూడా వేరట. "ఇవి ఒక్క చేతివి కావు. ఎవరో ఒక పక్క తర్వాత మార్చారు. మార్చి దాచారంటే, ఇది ఆ కారని నేను రాయలేను," అన్నాడు. అక్టోబరు 22న మళ్ళీ వస్తాడు. నిజం చెప్పే మనిషి ఎవరైనా ఉంటే పేరు కావాలట. లేకపోతే 'మూడోది మిగల్లేదు' అని పుస్తకంలో వేసేస్తాడు.

తాతయ్యకి డెబ్బై రెండేళ్ళు. ఆయన బతుకులో చూపించుకునేది ఇదొక్కటే. అది లేదని అచ్చేస్తే ఆయన ఏమైపోతాడు? ఒట్టు మాట నావల్ల వచ్చిందని తెలిస్తే నన్నేం చేస్తారు?

నా అనుమానం ఎడమ పక్క మీదే. ఆ పక్క ఎవర్నీ ముట్టుకోనివ్వడు తాతయ్య. ఎడమ పక్క తప్పు ఎవరిది అత్తమ్మా? అప్పటి మనుషుల్లో మిగిలింది మీరే.

జవాబు మా ఇంటికి రాయకండి. పొగాకు కొట్టు ఇవోన్నె పేరుమీద రాయండి. నేను అటకమీద వెనిగర్ పీపాల వెనక దాచుకుంటా, అక్కడికి ఎవరూ రారు.

మీ
మొరేనా

*

చెర్దా, సిసిలీ
15 సెప్టెంబరు 1989

మొరేనా అనే పిల్లకి,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. పేరులేనిది చూసి మా ఆయన కలోజెరో, "ఎవరో బెదిరిస్తున్నారే దీర్చె!" అని పట్టపగలు తలుపుకి గడియ పెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా రాగి గిన్నెలు బాగుచేసుకునే మనిషిని బెదిరించి ఎవరేం పట్టుకుపోతారో ఆయనకే తెలియాలి.

ఎడమ పక్క తప్పా?

ఈ మాట నీది కాదు. పదహారేళ్ళ పిల్లకి రేకు సంగతి ఏం తెలుసు? ఓర్ఫెయో పక్కన కూర్చుని రాయించాడు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత అన్నగారికి చెల్లెలు గుర్తొచ్చింది, అదీ తప్పు నెత్తిన రుద్దడానికి! దొర వచ్చి కొలిచేసరికి తప్పు ఎడమ పక్కకి పోయిందన్నమాట. అంత తప్పుగా ఉంటే గొడ్డలి తీసుకుని నరుక్కోమను. నేనడిగానని చెప్పు.

నోరు విప్పడం లేదని రాశావు. పక్షవాతమా? అయితే అలా రాయాలి. మొండితనమైతే అది పుట్టుకతో వచ్చింది, దానికి మందులేదు.

ఇక రాయకు.

దీర్చె

ఆ దుప్పటి ఏ రంగు?

*

స్పిలంబెర్తో
20 సెప్టెంబరు

దీర్చె అత్తమ్మకి,

రాయొద్దన్నారు, రాస్తున్నా. తిట్టండి గానీ చదవండి.

మీ మీద ఒట్టు, తాతయ్యకి ఈ ఉత్తరాల సంగతి తెలీదు. మళ్ళీ ఒట్టు అనేశాను, చూశారా, నా నోరే అంత. ఆయనకి పక్షవాతం లేదు. శుభ్రంగా తింటాడు, పేకాటలో నాన్నని మోసం చేస్తాడు. మీ పేరు మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. పోయినేడు నానమ్మ పోయాక ఆవిడ కుట్టుపెట్టె అడుగున మీ అడ్రసున్న కవరు దొరికింది, దాచుకున్నా. మీరు సిసిలీ రాగిపనివాడితో లేచిపోయారని, అందుకే తాతయ్య మాట్లాడడని నాన్న ఒకసారి అన్నాడు. అందులో నాకైతే తప్పేమీ కనిపించలేదు.

నా మాటల్లో ఏది మీకు అంత కోపం తెప్పించిందో ఎన్నిసార్లు చదువుకున్నా తెలియడం లేదు. నేను అడిగింది కారు గురించే కదా? మీరు అప్పుడు వాళ్ళతోపాటు రేసుకి వెళ్ళారని విన్నాను. అక్కడేమైనా గుద్దుకుందా? దారిలో ఎడమ పక్క ఎవరైనా మార్చారా? అంతే నేను అడిగింది.

దుప్పటి నీలం, తెలుపు గళ్ళది. ఒక మూల ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన మచ్చ. దాన్ని ఉతకనివ్వడు కూడా.

ఇంకో పాపం చేశాను. విగ్‌మోర్ గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, 'ముసలాయన్ని ఇంకోసారి అడిగి చూడండి, ఆయన మౌనం నన్ను బాధపెడుతోంది' అని. నాన్నకి ఇవ్వలేదు. చదివి చెప్పమంటాడు, చెప్తే తాతయ్య దగ్గరికి వెళ్ళి అరుస్తాడు. అది కూడా పీపా వెనకే ఉంది. నాన్న మాత్రం రోజూ, "ఏం భయపడకు, నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో అనెయ్యి చాలు," అంటున్నాడు. అదే నా భయం.

మీ కవరు ఇస్తూ ఇవోన్నె, "సిసిలీ ముద్ర! ఎవరే కుర్రాడు? నల్లగా, పొడుగ్గా ఉంటాడా?" అంది. "అరవై దాటిన ఆడమనిషి," అన్నా. "అలాగే చెప్పాలిలే," అని కన్నుకొట్టింది.

ఇంక నాలుగు వారాలుంది.

మొరేనా

*

చెర్దా
26 సెప్టెంబరు 1989

పిల్లా,

ముందు ఈ 'మీరు' అనడం ఆపు. పోస్టాఫీసు గుమాస్తాకి అర్జీ పెట్టుకున్నట్టుంది.

రెండోది, నేను ఎవరితోనూ లేచిపోలేదు. కలోజెరోని నేను మొదట చూసిందే రేసు అయిన ఆరు నెలలకి, చిల్లుపడ్డ గిన్నె పట్టుకెళ్ళినప్పుడు. అప్పుడు నాకు ముప్ఫై ఏడేళ్ళు. ఆ వయసులో లేచిపోవడానికి మోకాళ్ళుండాలి కదా.

ఆ దుప్పటి నాది. నా మంచం మీదిది. ఓర్ఫెయో దాన్ని దేనిమీద కప్పాడో చదివి, గిన్నెలు కడగడం మానేసి పెరట్లో కూర్చున్నా. ఇప్పుడు చెప్తా, విను. ఇది కలోజెరోకి కూడా సగమే తెలుసు.

ఓర్ఫెయో రేకు పని మన షెడ్డులోనే చేసేవాడు. కారు ఆకారాన్ని తీగలతో అల్లి నిలబెడతారు, దానికి సరిపోయేలా రేకు కొట్టుకోవాలి. రేకు కొట్టేముందు మెత్తబరచాలి. బట్టల సబ్బు రుద్ది మంట చూపిస్తే, సబ్బు చెస్ట్‌నట్ గింజలా ముదురు గోధుమ రంగుకి తిరగగానే రేకు లొంగుతుంది. ఆ తర్వాత ఇంకొక్క క్షణం ఉంచావా, చిల్లే. పదేళ్ళపాటు ఆ మంట పని నాదే. సుత్తి వాడిది.

65 ఫిబ్రవరిలో మంచులో సైకిలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కుడి పక్క రేకు అప్పటికి అయిపోయింది. ఎడమ పక్క ఉత్త తీగలే. రేసు మే నెలలో. ఇంజనీరుకి తెలిస్తే పని ఇంకో షాపుకి పోతుంది. లెయార్కో సైన్యంలో ఉన్నాడు. ఓర్ఫెయో వంటింట్లో కూర్చుని ఏడ్చాడు.

"నేను కొడతా," అన్నా.

"నువ్వా? అదేమన్నా పాస్తా పిండి అనుకున్నావా?"

"పిండైనా రేకైనా చిరక్కుండా సాగదీయడమేగా, అన్నయ్యా."

"నవ్వుతారే ఊళ్ళో!"

"తలుపు వేసుకుంటే ఎవరు నవ్వుతారు?"

మొదటి వారం పక్కన నిలబడి ప్రతి దెబ్బకీ తిట్టాడు. ఇక్కడ కాదు అక్కడ, గట్టిగా, మెల్లిగా, మొద్దుమొహమా. రెండో వారానికి తిట్లు తగ్గాయి. మూడో వారం ఏమీ అనలేదు. కుర్చీ వెనక్కి లాక్కుని చూస్తూ కూర్చున్నాడు. నాకు వాడంత బలం లేదు పిల్లా. అందుకే నేను తక్కువ కొట్టాను. నాలుగు దెబ్బలు కొట్టి మళ్ళీ మెత్తబరచడం, మళ్ళీ నాలుగు దెబ్బలు. ఒకరోజు రేకు దానంతటదే వంపు తిరగడం మొదలుపెట్టింది. నిజంగానే. నేను దాని వెంట వెళ్ళానంతే. ఆ రోజు సుత్తి కింద పెట్టి, ఎందుకో తెలీదు, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ ముట్టుకున్నా.

వేలి మందం తేడా అంటున్నాడా మీ దొర? చేత్తో కొట్టిన కారుకి రెండు పక్కలూ సమానంగా ఉంటే అప్పుడు అనుమానించమను. నువ్వెళ్ళి అద్దంలో చూసుకో, నీ కనుబొమ్మలు రెండూ ఒక్కలాగే ఉన్నాయా?

ఏప్రిల్లో ఇంజనీరు వచ్చాడు. ఓర్ఫెయో కట్టు విప్పేసి, చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు. నేను గుమ్మంలో కాఫీ పట్టుకుని నిలబడ్డా. ఆయన కుడి పక్క నిమిరి తలూపాడు. ఎడమ పక్క మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు. "ఓర్ఫెయో," అన్నాడు, "ఆ పక్క నువ్వు చేశావు. ఈ పక్క చేసినప్పుడు నీలోకి ఎవరొచ్చారు?" మా అన్న నేలకేసి చూశాడు. నేను కాఫీ ఇచ్చి వచ్చేశా.

రేసుకి వంటమనిషిగా లారీలో నన్నూ తీసుకెళ్ళారు. కారు నడిపింది ఇవానో అని డ్రైవరు. ఏడు గంటలు కొండలు తిరిగారు. కొండ దిగే ఆఖరి దారిలో ఇంజను ఆగిపోయింది. జనం అరుస్తున్నారు, డాబాల మీద గిన్నెలు వాయిస్తున్నారు. కారు మలుపు తిరిగి కనిపించింది, చప్పుడు లేదు. ఒక్కసారిగా అందరూ ఆగిపోయారు. అన్నేసి వేల మంది శ్వాస వినబడుతోంది. ఎర్రగా, ఇంజను లేకుండా, గాలి దాన్ని చేతులు మార్చుకుంటూ మోసుకొస్తున్నట్టు వచ్చింది. నా ముందునుంచి వెళ్తే వినిపించింది టైర్ల కింద గులకరాళ్ళ చప్పుడొక్కటే. నాకు కనిపించింది ఎడమ పక్క. గీత దాటి ఆగింది. మూడో స్థానం. నా పక్కనున్న ముసలామె సిలువ గీసుకుంది.

తర్వాత పేపరతను అడిగాడు, "ఈ కారు రేకు కొట్టింది ఎవరు?" అని. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నా, చేతిలో గరిటె. ఓర్ఫెయో నన్ను చూశాడు. చూసి, "నేనే. ఒక్కణ్ణే," అన్నాడు.

'మా చెల్లెలు కూడా' అంటే చాలు. రెండో మాట అక్కర్లేదు.

లారీ బయల్దేరినప్పుడు నేను ఎక్కలేదు. నా సంచీ దింపుకున్నా. ఇంతే కథ.

ఇప్పుడు నీకు తెలిసింది. కానీ ఆ దొరకి నువ్వు చెప్పకూడదు. కారు పుస్తకంలోకి ఎక్కకపోయినా సరే. ఆ మాట వస్తే వాడి నోటి నుంచి రావాలి. నీ నోటి నుంచి వస్తే అది చాడీ. నాకు చాడీ అక్కర్లేదు.

దీర్చె అత్త

*

స్పిలంబెర్తో
1 అక్టోబరు, ఆదివారం

అత్తమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివి తిన్నగా షెడ్డుకి వెళ్ళా. ఇన్నాళ్ళూ నేను ఏ పక్కన నిలబడి చూస్తూ ఉన్నానో తెలుసా? కుడి పక్కన. ఎడమ పక్క దుప్పటి కింద ఉండేది కదా. ఎవరూ లేనప్పుడు దుప్పటి పైకెత్తి చెయ్యి పెట్టా. చల్లగా ఉంటుందనుకున్నా. చెయ్యి దానంతటదే జారుతూ తలుపు దాకా వెళ్ళిపోయింది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలీలేదు. నేనక్కడే కూర్చుండిపోయాను.

కానీ నువ్వు చెప్పిన దాంట్లో ఒకటి తప్పు. తిట్టకుండా చదువు.

ప్రతి ఆదివారం భోజనం అవగానే తాతయ్య షెడ్డులోకి వెళ్ళి గడియ పెట్టుకుంటాడు. సుత్తి చప్పుడు వినబడుతుంది. 'కారు మెరుగుపెడుతున్నాడు' అంటుంది అమ్మ. నేను పుట్టకముందు నుంచీ ఇంతేనట. ఇవాళ వెనకపక్క పలకల సందులోంచి చూశాను. బొద్దింకలా గోడకి అంటుకుని.

తాతయ్య దుప్పటి తీసి మడిచి కుర్చీమీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ముందు దీపం నుంచి తలుపు దాకా నీ పక్కంతా అరచేత్తో నిమిరాడు, మెల్లిగా, పాప తల నిమిరినట్టు. కళ్ళు తెరవకుండానే అటు తిరిగి అదే చెయ్యి కుడి పక్క మీద పెట్టాడు. ఒకచోట ఆగాడు. తల అడ్డంగా ఊపాడు. సుత్తి తీసుకున్నాడు. మూడు దెబ్బలు. మళ్ళీ వచ్చి నీ పక్క నిమరడం. మళ్ళీ వెళ్ళి మూడు దెబ్బలు. గంటసేపు. ఆఖర్న సుత్తి పక్కన పడేసి కారుతో అన్నాడు, "ఇవాళ కూడా రాలేదే దీర్చె."

విన్నావా అత్తమ్మా, కారుతో అన్నాడు, నీ పేరుతో.

నేను అనుకున్నదంతా తలకిందులు. ఎడమ పక్క తప్పని దాచిపెట్టాడనుకున్నా. దాన్ని దుమ్ము పడకుండా దాచాడు. మారింది కుడి పక్క. ఇరవై నాలుగేళ్ళుగా తనదాన్ని నీదానిలా చెయ్యాలని కొడుతూ ఉన్నాడు. విగ్‌మోర్ గారు కనిపెట్టిన తేడా సగం అప్పటిది, సగం ఈ ఆదివారాలది.

ఇది విగ్‌మోర్ గారికి చెప్పాలని ఉంది. చెప్పాలంటే నాకు నీ సంగతి తెలుసని చెప్పాలి. నాకు భయం. నువ్వు చెప్పొద్దన్నావు కూడా. నన్నేం చెయ్యమంటావు?

నీ
మొరేనా

*

చెర్దా
7 అక్టోబరు

తల్లీ,

వాణ్ణి ఆపు! ఇరవై నాలుగేళ్ళు ఆదివారం ఆదివారం కొడితే ఆ రేకు ఇంకేం మిగిలుంటుంది? సిగరెట్ కాగితమంత పల్చగా అయ్యుంటుంది. ఇంకో నాలుగు దెబ్బలకి చిరుగుతుంది. ఒకప్పుడు మోదెనాలో మొదటి చెయ్యి వాడిది, ఇంత కూడా తెలీకుండా పోయిందా గాడిదకి!

కలోజెరో అంటున్నాడు, "తెలిసే కొడుతున్నాడే, వేరే ఏం చెయ్యాలో తెలీక," అని. కలోజెరో నోరు తెరిస్తే ఒక్కోసారి ఇలాంటి మాటొకటి వస్తుంది.

వాడికి ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. వాడు చల్లటి రేకు మీద కొడతాడు. ఆగడు. మెత్తబడేదాకా ఆగడం వాడికి ఏనాడూ చాతకాలేదు, రేకుతోనైనా మనిషితోనైనా. మంట నేను చూసుకునేదాన్ని కాబట్టి సాగింది.

నువ్వు ఏమీ చెప్పకు. బట్టల సబ్బు ఒకటి కొను, మామూలుది, పసుపు రంగుది. వాడి సుత్తి పక్కన పెట్టి వచ్చెయ్. వాడికి అర్థమైతే అవుతుంది. కాకపోతే చొక్కా ఉతుక్కుంటాడు.

ఇది రాయడానికి కూర్చుని మూడు కాగితాలు పాడుచేశాను. కోపంగా ఉన్నప్పుడు ఒక్కటి చాలేది.

అత్త

*

స్పిలంబెర్తో
22 అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం

అత్తమ్మా,

గబగబా రాస్తున్నా, అక్షరాలు ఎలా వచ్చినా చదువుకో. అటకమీద ఉన్నా. కింద నాన్న విగ్‌మోర్ గారికి వాల్‌నట్ సారా పోస్తున్నాడు, ఒకరి మాట ఒకరికి రాకపోయినా ఇద్దరూ నవ్వుకుంటున్నారు.

పోయిన ఆదివారం పొద్దున్నే సబ్బు పెట్టి వచ్చాను. భోజనమయ్యాక తాతయ్య షెడ్డులోకి వెళ్ళాడు. సుత్తి చప్పుడు రాలేదు. అమ్మ కూడా గిన్నెలు కడగడం ఆపి, "ఏంటి ఇవాళ?" అంది. గంట తర్వాత బయటికొచ్చాడు. చేతిలో ఏమీ లేదు. చొక్కా కూడా ఉతుక్కోలేదు. వారమంతా నా ముఖంలోకి చూడలేదు, ఎవరి ముఖంలోకీ చూడలేదు. నేను ఇంక అయిపోయిందనుకున్నా.

ఇవాళ పదకొండింటికి విగ్‌మోర్ గారు వచ్చాడు. అందరం కారు చుట్టూ నిలబడ్డాం. దుప్పటి ముందే తీసేసి ఉంది. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"చెప్పు మొరేనా. మా నాన్న ఒక్కడే చేశాడు, రెండు పక్కలా. మొన్న చెప్పిందే ఇవాళా చెప్తున్నాం అని చెప్పు."

ఇంగ్లీషు మొత్తం మర్చిపోయినట్టయింది. విగ్‌మోర్ గారు పెన్ను పట్టుకుని నన్నే చూస్తున్నాడు. నీ మాట గుర్తుంది, చాడీ చెప్పకూడదు. ఒట్టు మళ్ళీ వెయ్యలేను. అలాగే నిలబడ్డాను.

"లెయార్కో, నువ్వు నోరు ముయ్యి," అన్నాడు తాతయ్య.

"నాన్నా, నేను..."

"ముయ్యమన్నానా? అమ్మాయ్, నేను చెప్పింది చెప్పు. ఒక్క ముక్క కలపకు." ఒక్క ముక్క కలపకు అన్నాడు అత్తమ్మా! అంటే మొదటిసారి నేను కలిపానని తెలుసు. ఎలా తెలుసు?

టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "కుడి పక్క నాది. ఎడమ పక్క మా చెల్లెలిది. నా చెయ్యి విరిగితే అది కూర్చుని కొట్టింది. ఎవరు కొట్టారని అడిగితే నేనే అన్నాను. అప్పట్నుంచి నాదాన్ని దానిదంత చెయ్యాలని చూశా. చెయ్యలేక, ఉన్నది కూడా పాడుచేశా. ఇది రాసుకోమను."

నేను ఒక్కో మాటా చెప్పాను. ఒక్కటి కలపలేదు, ఒక్కటి తీయలేదు. విగ్‌మోర్ గారు రాయడం ఆపేశాడు. తాతయ్య వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు, పెన్నుతో సహా. తీసుకెళ్ళి కుడి పక్క మీద పెట్టాడు. తర్వాత ఎడమ పక్క మీద. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, మూసుకున్నాడంతే.

కళ్ళు తెరిచి, "ఇది ఆ కారే," అన్నాడు. "ఇంతకంటే ఏ ఋజువూ అక్కర్లేదు." తర్వాత పుస్తకం తెరిచి నన్ను అడిగాడు, ఆవిడ పేరేంటి, అక్షరాలు చెప్పమ్మా అని. చెప్పాను. బతికి ఉన్నారా అన్నాడు. ఉన్నారన్నా. ఎక్కడ అన్నాడు.

"చెర్దాలో," అన్నా.

అనేశాకగానీ తెలియలేదు. ఇదంతా ఇంగ్లీషులో, గబగబా, మా ఇద్దరి మధ్య. మిగతాది ఎవరికీ అర్థం కాలేదు. కానీ ఆ ఊరి పేరు ఏ భాషలోనైనా ఆ ఊరి పేరే కదా. నువ్వు అక్కడున్నావని ఈ ఇంట్లో తెలిసింది నానమ్మకొక్కదానికే. సిసిలీ అని తెలుసు అందరికీ, ఏ ఊరో తెలీదు. తాతయ్య తల తిప్పి నన్ను చూశాడు. అలా చూస్తూ ఉన్నాడు. నేను కాఫీ తెస్తానని చెప్పి పారిపోయి వచ్చేశా.

దొరికిపోయాను. నీ ఉత్తరాలన్నీ ఇక్కడే ఉన్నాయి, ఆ ఇంగ్లీషు ఉత్తరం కూడా. కానీ పేజీ నిండా నీ పేరు రాసుకున్నాడు ఆయన, పెద్ద అక్షరాలతో. నేను చూశాను. ఎడమ పక్క: దీర్చె. కుడి పక్క: ఓర్ఫెయో. నీది ముందు రాశాడు.

ఎవరో మెట్లెక్కుతున్నారు. నాన్న కాదు, నాన్న రెండేసి మెట్లెక్కుతాడు. ఇది ఒక్కొక్క మెట్టూ. మధ్యలో ఆగడం. నానమ్మ పోయాక మోకాళ్ళ నొప్పని ఒక్కసారి కూడా ఇక్కడికి రాలేదు తాతయ్య.

గుమ్మం దగ్గరికొచ్చాడు. ఊపిరి వినబడుతోంది.

తలుపు కొడుతున్నాడు.

"మొరేనా," అంటున్నాడు, "చెర్దాకి ఉత్తరం వెళ్ళడానికి ఎన్ని రోజులు పడుతుందే?"

కాగితాలు పీపా వెనక దాచేస్తున్నా